నా సేఫ్‌లో ఐదు హ్యాండ్‌గన్‌లు: ఏ వరుసలో కాల్చి చూడాలి, ఏది చేతిలో ఎలా ఉంటుంది

మా ఇంటికి వచ్చిన మనవాళ్లలో తుపాకులంటే ఇష్టం ఉన్నవాళ్లు సేఫ్ తెరవగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "వీటిలో ఏది బెస్ట్ అన్నా?" కిందటి వేసవిలో మా బావమరిది కూడా అదే అడిగాడు. వాడికి గ్రీన్‌కార్డ్ వచ్చి ఆరు నెలలైంది, సొంతంగా ఒకటి కొనుక్కోవాలని ఉబలాటపడుతున్నాడు, వీడియోలు చూసి చూసి .45 (అంగుళంలో 0.45 వంతు లావు గుండు కాల్చే పెద్ద పిస్టల్) మీద మనసు పారేసుకున్నాడు. "బావా, ముందు ఆ పెద్దదే ఇవ్వు" అన్నాడు. నేను ఇవ్వలేదు. అన్నిటికంటే చిన్న గుండు కాల్చే రూగర్ వాడి చేతిలో పెట్టి, ఆ మధ్యాహ్నమంతా ఐదింటినీ ఒక వరుసలో కాల్పించాను. ఆ వరుస ఎందుకు, ఒక్కొక్కటి ఎలా కాలుస్తుంది, మీకు ఏది సరిపోతుందో మీరే ఎలా తేల్చుకోవాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను. నేను ఉండేది డాలస్ దగ్గర, కాబట్టి చెప్పేదంతా అమెరికా సంగతే.

ముందు చట్టం గురించి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే. హెచ్1బి, ఎల్1, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో ఎక్కువగా వినపడేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్స్. "కొనడం లేదు కదా, షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని పది రౌండ్లు కాలుస్తాను, అంతేగా" అనుకోవద్దు, చేతిలో పట్టుకున్నా ఆ చట్టం కిందికే వస్తుంది. ఆఫీసు వాళ్లు టీమ్ అవుటింగ్ అని రేంజ్‌కి తీసుకెళ్తున్నా సరే, వీసా మీద ఉంటే ముందు లాయర్‌ని అడగండి. ఒక్క ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి గ్రీన్‌కార్డ్ దాకా టెన్షన్ పడటం ఎవరికీ అక్కర్లేదు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు, సిటిజన్లు కొనుక్కోవచ్చు. లైసెన్స్ ఉన్న షాపులో హ్యాండ్‌గన్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, 4473 అనే ఫెడరల్ కొనుగోలు ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పాస్ కావాలి. ఆపైన ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివి, న్యూజెర్సీలో ఉండే మీ కజిన్‌కి టెక్సాస్ లెక్క పనికిరాదు.

ఇక జాగ్రత్తలు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి, మీరే ఇప్పుడే ఖాళీ చేసినా సరే. కాల్చదలుచుకోని దేనివైపూ మూతి తిప్పకూడదు. సైట్లు (గురి చూడటానికి తుపాకీ మీద ముందూ వెనకా ఉండే మిట్టలు) టార్గెట్ మీద నిలిచేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, తుపాకీ పక్కన చాచి ఉండాలి. టార్గెట్ ఏమిటో, దాని వెనకాల ఏముందో తెలిసి ఉండాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది మూతి విషయంలోనే. మంచి గుండు పడగానే సంతోషంతో వెనక్కి తిరిగి "చూశావా!" అంటారు, చేతిలో తుపాకీ కూడా వాళ్లతోపాటే తిరుగుతుంది. అందుకే కొత్తవాళ్లు కాలుస్తున్నప్పుడు నేను వాళ్ల కుడి భుజం వెనక చేతికందే దూరంలో నిలబడతాను, మొదటి మ్యాగజైన్‌లో (పిడిలో దూర్చే తూటాల పెట్టె) ఒక్కటంటే ఒక్కటే తూటా వేసి ఇస్తాను.

చెవుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. తుపాకీ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్కసారి పోయిన వినికిడి తిరిగి రాదు. ఇండోర్ రేంజ్‌లో అయితే చెవుల్లో స్పాంజ్ ప్లగ్‌లు పెట్టుకుని, వాటిమీద ఇయర్ మఫ్స్ కూడా పెట్టుకోవాలి. కళ్లద్దాలు తప్పనిసరి. మెడ దగ్గర వెడల్పుగా ఉండే చొక్కా వేసుకోవద్దు, పేలాక బయటికి ఎగిరే తూటా ఖాళీ తొడుగు పొయ్యి మీంచి తీసిన అట్లకాడలా కాలుతుంది. అది చొక్కాలోకి జారితే మనిషి ఎగిరి గంతేస్తాడు, అప్పుడు తుపాకీ మూతి ఎటు తిరుగుతుందో చెప్పలేం.

చిన్నదాంతో మొదలుపెట్టమని ఎందుకంటానో చెప్పడానికి నా కథ కొంచెం చెప్పాలి. నేను మొదట కొన్నది 1911, .45 క్యాలిబర్. షాపులో అతను "మగాడి చేతిలో బరువుండాలి" అన్నాడు, నేను నమ్మాను. ఏడాదిపాటు నా గుండ్లన్నీ టార్గెట్‌కి ఎడమవైపు కిందనే పడ్డాయి. సైట్లు మార్పించాను, గ్రిప్ పలకలు మార్చాను, మూడు రకాల తూటాలు కొన్నాను, దేనివల్లా లాభం లేకపోయింది. ఒక శనివారం పక్క లేన్‌లో కాలుస్తున్న పెద్దాయన కాసేపు చూసి, నా మ్యాగజైన్ తాను నింపుతానన్నాడు. ఏడింటిలో రెండు డమ్మీ (పేలని) తూటాలు కలిపి, ఎక్కడ ఉన్నాయో చెప్పకుండా ఇచ్చాడు. మొదటి రెండూ పేలాయి. మూడోది టక్ మంది. గుండు లేదు, చప్పుడు లేదు, అయినా తుపాకీ మూతి రెండు వేళ్ల మందాన కిందికి దిగింది. ఆయన నవ్వలేదు, ఏమీ అనలేదు, మళ్లీ కాల్చమని చేత్తో సైగ చేశాడంతే. అప్పుడర్థమైంది, ఆ ఏడాదంతా తుపాకీ సరిగ్గానే ఉంది, పేలకముందే దాన్ని కిందికి నెట్టింది నా చేతులు.

దీన్ని ఇక్కడివాళ్లు ఫ్లించ్ అంటారు. దీపావళికి లక్ష్మీ బాంబు వత్తి అంటించి పరుగెత్తేటప్పుడు, అది పేలకముందే భుజాలు బిగుసుకుని కళ్లు మూసుకుపోతాయి చూడండి, అదే. అది పిరికితనం కాదు, శరీరం తనని తాను కాపాడుకునే పద్ధతి. పెద్ద చప్పుడు, పెద్ద కుదుపు ఉన్న తుపాకీతో మొదలుపెడితే ఈ అలవాటు మొదటి యాభై రౌండ్లలోనే ఒంటికి పడుతుంది, పోగొట్టుకోవడానికి నెలలు పడుతుంది. ఫ్లించ్ ఉన్నంతకాలం ఏ తుపాకీ ఎలా కాలుస్తుందో మీకు తెలియదు, కనపడేదంతా మీ భయమే. అందుకే నా వరుస ఇది: .22తో మొదలు, తర్వాత రివాల్వర్, ఆ తర్వాత రెండు 9 ఎంఎంలు, చివర .45, దాని తర్వాత మళ్లీ .22.

రూగర్ మార్క్ 4

రూగర్ కంపెనీ 1949లో మొదటిసారి అమ్మకానికి పెట్టిన వస్తువే ఒక .22 పిస్టల్, ఆ వంశంలోదే ఇది, 2016లో వచ్చింది. దీని పాత అన్న మార్క్ 3ని విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించడం ఒక పెద్ద తతంగం. ఇందులో వెనకాల ఒక బటన్ నొక్కితే పైభాగమంతా తలుపులా తెరుచుకుంటుంది. మామూలు పిస్టల్‌లో గుండు పోయాక పైనుండే స్లైడంతా వెనక్కీ ముందుకీ కదులుతుంది. ఇందులో బ్యారెల్ (గుండు బయటికి పోయే గొట్టం) బిగించి ఉంటుంది, లోపలి బోల్ట్ మాత్రమే కదులుతుంది, రెండు సైట్లూ ఎప్పుడూ ఉన్నచోటే ఉంటాయి. అది కాల్చే గుండు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. నా టార్గెట్ మోడల్ బరువు కిలో దాటుతుంది. కిలో బరువు వెనక రెండున్నర గ్రాములు, కుదుపు ఎంతుంటుందో మీరే ఊహించుకోండి, భుజం మీద ఎవరో వేలితో తట్టినట్టుంటుంది.

టార్గెట్‌గా నేను వాడేది పార్టీల్లో మిగిలిపోయిన కాగితం పళ్లెం, మధ్యలో మార్కర్‌తో రూపాయి బిళ్లంత చుక్క. దూరం 7 గజాలు, దాదాపు ఆరున్నర మీటర్లు. ఇంత దగ్గరా అని నామోషీ పడకండి, 7 గజాల్లో ఐదు గుండ్లు ఒక్కచోట పెట్టలేనివాళ్లకు 25 గజాల్లో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు.

పట్టు ఇలా ఉండాలి. కుడిచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే చీలిక, పిస్టల్ పిడి వెనక ఎంత పైకి పోగలదో అంత పైకి పోవాలి. పిడికి ఎడమవైపు ఖాళీగా మిగిలిన చోట ఎడమ అరచేయి నిండుగా ఆనాలి. బొటనవేళ్లు రెండూ ముందుకు చూస్తూ ఒకదాని మీద ఒకటి పడుకోవాలి. గట్టిగా పట్టుకునే పని ఎడమచేతిది. కుడిచేయి మరీ బిగిస్తే చూపుడు వేలు తన పని తాను చేసుకోలేదు. (ఎడమచేతి వాటం వాళ్లు ఇదంతా అటూ ఇటూ మార్చుకోండి.)

చూపు ముందు సైట్ మీద ఉండాలి. అది స్పష్టంగా, టార్గెట్ మసకగా కనపడాలి. కొత్తవాళ్లు దీన్ని నమ్మరు, కాల్చేదాన్ని చూడకుండా ఎలా అంటారు. లెక్క చెబుతాను. మామూలు పిస్టల్‌లో వెనక సైట్‌కీ ముందు సైట్‌కీ మధ్య 15 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 7 గజాల్లో గుండు నాలుగు సెంటీమీటర్లు పక్కకి పోతుంది, 25 గజాల్లో పదిహేను సెంటీమీటర్లు. టార్గెట్ మసకగా కనపడటం వల్ల అంత నష్టం ఎప్పటికీ జరగదు.

ట్రిగ్గర్ మీద వేలి కొన దిండు భాగం పెట్టి, నిమ్మకాయ నుంచి చివరి చుక్క పిండినట్టు నెమ్మదిగా, ఆపకుండా, నిటారుగా వెనక్కి నొక్కుతూ పోవాలి. ఎప్పుడు పేలుతుందో మీకే తెలియకూడదు. "ఇప్పుడు" అని మీరు అనుకున్నారంటే ఆ గుండు పోయినట్టే లెక్క. పేలాక కూడా ఒక క్షణం ట్రిగ్గర్ అలాగే పట్టి ఉంచి, సైట్ మళ్లీ ఎక్కడికొచ్చి నిలిచిందో చూడండి, ఆ తర్వాతే వదలండి. ఒక పళ్లేనికి ఐదే గుండ్లు. మా బావమరిది మొదటి పళ్లెం మీద ఐదూ అరచేతి వెడల్పున పడ్డాయి, ఆరో పళ్లేనికి నిమ్మకాయంత చోటులోకి వచ్చాయి. వాడు ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు, .45 గురించి గంటసేపు అడగలేదు.

స్మిత్ అండ్ వెసన్ 686

1981 ప్రాంతంలో వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీల్ రివాల్వర్, తిరిగే సిలిండర్‌లో తూటాలకి ఆరు గదులు, నాలుగంగుళాల బ్యారెల్, కిలో పైన బరువు. .357 మ్యాగ్నమ్ తుపాకీ ఇది, కానీ నేను నూటికి తొంభై సార్లు ఇందులో .38 స్పెషల్ కాలుస్తాను. రెండు తూటాల లావూ ఒకటే, .357 తొడుగు మూడు మిల్లీమీటర్ల చిల్లర పొడుగు. అందుకే .38 ఇందులో పడుతుంది. .38 కోసం చేసిన రివాల్వర్‌లో .357 వేయాలని మాత్రం ఎప్పుడూ చూడకండి, ఆ ఒత్తిడి అది తట్టుకోలేదు. ఇంకో చిన్న సంగతి, .38 చాలా కాల్చాక గదుల లోపల మసి ఒక ఉంగరంలా పేరుకుంటుంది, దాన్ని బ్రష్‌తో తీయకపోతే తర్వాత .357 తూటా లోపలికి పూర్తిగా దిగదు.

దీన్ని వరుసలో రెండోదిగా పెట్టడానికి కారణం ట్రిగ్గర్. సుత్తిని (వెనకుండి తూటాని పేల్చే భాగం) ముందుగా వెనక్కి లాగి కాలిస్తే ట్రిగ్గర్ పుల్ల విరిగినట్టు చటుక్కున వదులుతుంది. లాగకుండా కాలిస్తే, అంటే డబుల్ యాక్షన్‌లో, ఐదు కిలోల బియ్యం సంచిని ఒక్క వేలితో లాగినంత బరువుంటుంది, పైగా చాలా దూరం లాగాలి. ఆ ప్రయాణమంతా సైట్ కదలకుండా ఉంచగలిగితే మిగతా తుపాకుల ట్రిగ్గర్లన్నీ తేలిక అనిపిస్తాయి. ఇంట్లో సాధన చేయడానికి ఒక పద్ధతుంది: తూటాలన్నీ వేరే గదిలో పెట్టేసి, రివాల్వర్ ఖాళీ అని రెండుసార్లు చూసి, గోడ వెనక మనుషులెవరూ లేని వైపు గురిపెట్టి, బ్యారెల్ మీద ముందు సైట్ వెనకాల ఒక పావలా డాలర్ నాణెం నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ చివరిదాకా లాగండి. మొదటివారం నాణెం నేలమీదే ఉంటుంది. రోజుకి పది నిమిషాలు చేస్తే నెలలో తేడా మీకే తెలుస్తుంది.

రేంజ్‌లో ఫ్లించ్ పట్టుకోవడానికి కూడా రివాల్వర్‌ని మించింది లేదు. నాలుగు గదుల్లో తూటాలు, రెండింటిలో కాల్చేసిన ఖాళీ తొడుగులు పెట్టి, చూడకుండా సిలిండర్ తిప్పి మూయండి. ఖాళీ దాని మీద సుత్తి పడ్డప్పుడు ముందు సైట్ ఏం చేస్తుందో చూడండి. అదొక్కటి చాలు, వేరే పరీక్ష అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. పిస్టల్‌లో నేర్చుకున్న ముందుకు చాచిన బొటనవేళ్ల పట్టు రివాల్వర్‌కి పనికిరాదు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, పేలినప్పుడు అందులోంచి మంట, వేడి గాలి పక్కలకి కొడతాయి, వేలు అక్కడుంటే కోసేస్తాయి. రెండు బొటనవేళ్లూ కిందికి మడిచి సిలిండర్ వెనకే ఉంచాలి. కొత్తవాళ్ల చేతికి 686 ఇచ్చేటప్పుడు నేను ముందుగా ఖాళీ దానితో పట్టు చూపించి, వాళ్లు పట్టుకున్నాక వేళ్లు నేనే సర్దుతాను.

గ్లాక్ 19

దీని గురించి రాయడానికి తక్కువే ఉంది. ఆస్ట్రియా సైన్యం 1982లో గ్లాక్ 17 తీసుకుంది, దానికి కాస్త పొట్టి తమ్ముడు 1988లో వచ్చిన ఈ 19. ప్లాస్టిక్ ఫ్రేమ్, 15 రౌండ్లు, ఖాళీ మ్యాగజైన్‌తో కలిపి 670 గ్రాములు. అందంగా ఉండదు, మొరాయించదు, నాకు తెలిసినంతలో ఇంట్లో ఒక్కటే హ్యాండ్‌గన్ ఉండాలనుకునేవాళ్లకు ఇదే సరిపోతుంది.

తేలికగా ఉండటం వల్ల 9 ఎంఎం కుదుపు ఇందులో చురుగ్గా, చిటిక వేసినట్టు తగులుతుంది. ట్రిగ్గర్ కాస్త దూరం వట్టిగా వస్తుంది, ఆ తర్వాత గోడలా ఒకచోట ఆగుతుంది, అక్కడినుంచి ఇంకాస్త నొక్కితే పేలుతుంది. పేలాక వేలు పూర్తిగా వదలకుండా, చిన్న టిక్ వినపడేదాకా మాత్రమే ముందుకు తెచ్చి మళ్లీ నొక్కడం అలవాటు చేసుకుంటే గ్లాక్ మీకు లొంగుతుంది. మణికట్టు వదులుగా పెడితే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోలేక తొడుగు మధ్యలో ఇరుక్కుంటుంది, అప్పుడు చాలామంది తుపాకీనే తప్పుపడతారు. చాలా జాగ్రత్తగా ఉండాల్సిన విషయం ఇంకొకటుంది. దీన్ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి పట్టుకుని, ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమి, ఆ తర్వాతే నొక్కండి. మ్యాగజైన్ తీస్తే ఖాళీ అయిపోయిందనుకోవద్దు, ఛాంబర్‌లో ఒకటి మిగిలి ఉండొచ్చు.

బ్రౌనింగ్ హై పవర్

ఐదింటిలో నాకు ప్రాణం ఇది. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టాడు, ఆయన 1926లో పోయాక బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీలో ద్యుదొనే సేవ్ పూర్తి చేశాడు, 1935లో బయటికొచ్చింది. ఆ రోజుల్లో పిడిలో 13 రౌండ్లు పట్టించడం పెద్ద విశేషం. మనకి ఇది పరాయిది కాదు, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో ఇదే డిజైన్‌ని "పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఎ" పేరుతో తయారుచేస్తారు, మన సైన్యం, పోలీసులు దశాబ్దాలుగా వాడుతున్నారు. మా పెదనాన్న పోలీసు శాఖలో పనిచేసేవారు, డ్యూటీ దిగి ఇంటికొచ్చి భోజనానికి కూర్చునే ముందు ఆయన నడుము నుంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది ఇలాంటిదే. మేము పిల్లలం గుమ్మం దగ్గర నిలబడి చూసేవాళ్లం, ఒక్కసారి కూడా ముట్టుకోనిచ్చింది లేదు. ఇండియాలో మామూలు పౌరులకి 9 ఎంఎం నిషిద్ధం, లైసెన్స్ ఉన్నవాళ్లకి కూడా 2019 సవరణ తర్వాత రెండు తుపాకులే పరిమితి. అలాంటిది, నేను ఇక్కడ బెల్జియంలో చేసిన పాతది ఒకటి కొనుక్కుని మొదటిసారి పట్టుకున్నప్పుడు పెదనాన్న బీరువా తలుపు చప్పుడు గుర్తొచ్చింది.

ఎలా కాలుస్తుందంటే, స్టీలు బరువు వల్ల కుదుపు గ్లాక్ కంటే మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. పిడి సన్నంగా ఉంటుంది, మన చేతుల సైజుకి గ్లాక్ కంటే ఇదే బాగా అమరుతుంది, కళ్లు మూసుకుని ఎత్తినా సైట్లు వరుసలోకి వచ్చేస్తాయి. లోపాలు కూడా చెప్పాలి. మ్యాగజైన్ తీసేస్తే పేలకుండా ఆపే ఒక అమరిక లోపలుంది, దానివల్ల ట్రిగ్గర్ బరువుగా, కాస్త గరగరలాడుతూ ఉంటుంది. పాతవాటిలో సైట్లు చిన్నవి, నలభై దాటిన కళ్లకు కష్టం. అన్నిటికంటే ముఖ్యం, పట్టు మరీ పైకి పోతే సుత్తి వెనక్కి వచ్చినప్పుడు బొటనవేలి దగ్గర చర్మాన్ని కొరుకుతుంది. నాకు మొదటి రోజే రక్తం వచ్చింది. కండ ఎక్కువున్న చేతులవాళ్లు అక్కడ ఒక బ్యాండేజ్ వేసుకుని మొదలుపెట్టండి, లేదా పట్టు ఒక్క దారం మందం కిందికి దించండి.

గ్లాక్, హై పవర్ రెండూ ఒకదాని తర్వాత ఒకటి కాల్చడంలో ఒక లాభం ఉంది. తూటా అదే, పెట్టె అదే, దూరం అదే, మారేది తుపాకీ ఒక్కటే. కాబట్టి రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ చేతికి ఏది నచ్చిందో కాగితమే చెబుతుంది. షాపులో ఊరికే పట్టుకుని "బాగుంది" అనుకోవడం వేరు, ఇది వేరు.

1911

అమెరికా సైన్యం 1911 మార్చిలో తీసుకుని 1985 దాకా ప్రధాన పిస్టల్‌గా వాడింది. ఇదీ బ్రౌనింగ్ డిజైనే. ఏడు రౌండ్లు, గుండు 230 గ్రెయిన్లు, దాదాపు 15 గ్రాములు, పది గ్రాముల లెక్కన తులంన్నర బంగారమంత. వేగం తక్కువ, సెకనుకు 250 మీటర్ల చిల్లర. అందుకే వినడానికి భయంగా ఉన్నా కుదుపు చిటికలా ఉండదు, ఎవరో అరచేత్తో నెమ్మదిగా వెనక్కి తోసినట్టుంటుంది. ట్రిగ్గర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మిగతావాటిలో ట్రిగ్గర్ ఒక మేకు మీద ఊగుతుంది, ఇందులో డ్రాయర్ నెట్టినట్టు నిటారుగా వెనక్కి జరుగుతుంది. జరిగేది కొంచెమే, వెంటనే చటుక్కున వదులుతుంది. ఒకసారి మంచి 1911 ట్రిగ్గర్‌కి అలవాటుపడితే ఇంకేదీ ఆనదు.

పిడి వెనక ఒక మీట ఉంటుంది, అరచేయి దాన్ని నొక్కి ఉంచకపోతే పేలదు. చిన్న చేతులవాళ్లకి ఇక్కడ ఇబ్బంది వస్తుంది, వాళ్లు పట్టు సర్దుకోవాలి. పక్కనుండే ఇంకో మీట సేఫ్టీ, పైకి లేపితే తుపాకీ పేలదు. బొటనవేలు దాని మీద ఆనించి కాల్చండి, వేలు దాని కింద పెడితే కుదుపుకి తగిలి సేఫ్టీ పైకి లేచిపోవచ్చు.

మొదటిసారి కాల్చేవాళ్లకు మూడు మ్యాగజైన్‌లు మించి ఇవ్వను. మా బావమరిది మొదటి మ్యాగజైన్‌లో ఏడింటికి ఆరు పళ్లెం మధ్యలో పెట్టాడు, వాడి మొహం వెలిగిపోయింది. రెండోదానికి గుండ్లు కిందికి దిగడం మొదలైంది. మూడోదాంట్లో నేను ఒక డమ్మీ కలిపాను, టక్ మనగానే మూతి వంగింది. "బావా, నేనే వంచానా?" అన్నాడు. అవునన్నాను. అక్కడితో .45 పెట్టెలో పెట్టి మళ్లీ రూగర్ తీశాం, ఇరవై గుండ్లు నెమ్మదిగా కాల్చాడు. మొదటి ఐదు చెల్లాచెదురుగా పడ్డాయి, చివరి ఐదు మళ్లీ నిమ్మకాయలోకి వచ్చాయి. ఏ రోజైనా పెద్ద తుపాకీతో ముగించి ఇంటికి రాకండి, చేతులు చివరగా ఏం చేశాయో అదే గుర్తుపెట్టుకుంటాయి. వాడు ఆ నెలలోనే ఒక .22 కొన్నాడు, నాలుగు నెలల తర్వాత గ్లాక్ 19 కొన్నాడు. .45 ఇంకా కొనలేదు.

పళ్లేలు చదవడం ఎలాగో కూడా చెబుతాను. గుండ్లన్నీ ఒకేచోట గుంపుగా, కానీ చుక్కకి దూరంగా పడ్డాయంటే మీరు బాగానే కాలుస్తున్నారు, సైట్ గానీ తూటా రకం గానీ చూసుకోవాలి. ముందు అదే తుపాకీతో ఇంకొకరిని కాల్చమనండి, వాళ్లకీ అక్కడే పడితే అప్పుడు సైట్ తిప్పండి. చెదిరిపోయి పడ్డాయంటే తప్పు చేతుల్లో ఉంది. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమవైపు కింద పడుతున్నాయంటే ఫ్లించ్‌నే మొదట అనుమానించండి. ఒక గుండు ఎడమకి పడిందని తర్వాతది కావాలని కుడికి గురిపెట్టకండి, ఐదూ ఒకే గురితో కాల్చి, అప్పుడే చూడండి. నేను ప్రతి పళ్లెం వెనక తేదీ, తుపాకీ, తూటా పేరు, గ్రెయిన్లు, దూరం రాసి పెడతాను. ఒకే తుపాకీ 115 గ్రెయిన్ల గుండుతో ఒకచోట, 147 గ్రెయిన్లతో ఇంకోచోట పెడుతుంది, రాసుకోకపోతే ఆర్నెల్ల తర్వాత ఏదీ గుర్తుండదు.

రేంజ్ నుంచి బయటికి రాగానే చేతులు, మొహం సబ్బుతో చల్లనీళ్లతో కడగండి. గుండ్లలోనూ ప్రైమర్‌లోనూ (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు) సీసం ఉంటుంది, దాని దుమ్ము చేతులకీ బట్టలకీ అంటుకుంటుంది. ఇంటికొచ్చాక స్నానం చేసి బట్టలు మార్చేదాకా నేను పిల్లల్ని ఎత్తుకోను, ఆ బట్టలు విడిగా ఉతుకుతాను, బూట్లు గరాజ్‌లోనే వదిలేస్తాను. రేంజ్‌లో నిలబడి చిప్స్ తినేవాళ్లని చూస్తే మనసు ఊరుకోదు, వెళ్లి చెబుతాను.

తుపాకులు అదే రాత్రి శుభ్రం చేయండి, చేసే బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండకూడదు. బ్యారెల్‌లో బ్రష్, తర్వాత గుడ్డ ముక్క తెల్లగా వచ్చేదాకా, కదిలే భాగాల మీద ఒక్కో చుక్క నూనె చాలు, ఎక్కువ పోస్తే దుమ్ము పట్టి బురదవుతుంది. తర్వాత నేరుగా సేఫ్‌లోకి. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి తూటాలున్న తుపాకీ అందేలా వదిలేయడం నేరం. చట్టం లేకపోయినా నేను చేసేది ఇదే, తుపాకులకొక తాళం, తూటాలకొక తాళం, మా ఇంటికి వచ్చే పిల్లలెవరికీ ఆ కోడ్‌లు తెలియవు.

చివరగా రేంజ్ బ్యాగ్. దాన్ని ఇంకే పనికీ వాడకండి, ముఖ్యంగా ఇండియా ప్రయాణానికి. బ్యాగ్ మడతలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానర్‌లో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసవుతుంది, తెలియదంటే వినరు. మా ఇంట్లో రేంజ్ బ్యాగ్ ఎర్రది, సూట్‌కేసులతోపాటు దాన్ని అటక మీద పెట్టం, గరాజ్‌లో మేకుకి వేలాడుతుంది. ప్రయాణానికి వారం ముందు నేను ప్రతి బ్యాగ్ జేబునీ బోర్లించి దులుపుతాను, జాకెట్ జేబులు కూడా.